7420... పేరా? పుట్టినరోజా?

అటక మీది పాత కంప్యూటర్‌ను తుక్కు కింద అమ్మేస్తే కిలోల లెక్కన నాలుగు డబ్బులొస్తాయి. కానీ అందులోని నల్లటి చిప్‌ల మీద ఏం రాసి ఉందో చదవగలిగితే, అవి ఏ కంపెనీలో, ఏ ఏడాది, ఏ వారంలో పుట్టాయో కూడా చెబుతాయి. మరి రాత చెరిగిపోయిన చిప్‌లు? అసలు పేరు దాచి మారుపేరుతో తిరిగే చిప్‌లు? వాటి నోరు విప్పించడమే ఓ విద్య!

'పాత ఇనప సామాన్లు కొంటాం... పాత పేపర్లు కొంటాం...' అంటూ సంగం సెంటర్లో ఓ బండి ఆగిందనుకోండి. నెల్లూరు నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని పడమరకు ఓ ముప్పై కిలోమీటర్లు వెళ్తే పెన్న ఒడ్డున వస్తుందా ఊరు. బండిలో విరిగిన కుర్చీలు, మూతల్లేని కుక్కర్లు, వాటి మధ్య ఏ ఆఫీసో వదిలించుకున్న ఓ ఆకుపచ్చ బోర్డు. దాని నిండా నల్లటి గొంగళిపురుగుల్లాంటి చిప్‌లు. ఒక్కోదానికి ఇటు ఏడు, అటు ఏడు కాళ్లు. బండివాడికి అది తూకానికి వచ్చే సరుకు. ఆ తర్వాత కొనేవాడికి కాళ్లకు పూసిన పిసరంత బంగారం, బోర్డులోని రాగి. అది ఏ కంప్యూటర్‌దో, ఏం పని చేసిందో ఎవరికీ అక్కర్లేదు.

సరే, మనం ఓ భూతద్దం పెట్టి చూద్దాం. ఒక చిప్ మీద రెండు వరుసలున్నాయి. పైన 'డీఎం7420ఎన్'. కింద ఉత్త '7420'. అదే అంకె రెండుసార్లు ఎందుకేశారు? అచ్చుతప్పా?

కాదు. పైది పేరు. కిందిది పుట్టినరోజు.

'డీఎం' అంటే నేషనల్ సెమికండక్టర్ కంపెనీ ఇంటిపేరు. 7420 అంటే నాలుగేసి ఇన్‌పుట్లున్న రెండు నాండ్ గేట్లను ఇముడ్చుకున్న చిప్. చివరి 'ఎన్' ప్లాస్టిక్ తొడుగుకు గుర్తు. ఇక కింది వరుసలో 74 అంటే 1974, 20 అంటే ఆ ఏడాది ఇరవయ్యో వారం. క్యాలెండర్ తీసి చూస్తే మే 13 నుంచి 19 వరకు. పోఖ్రాన్‌లో మన దేశం తొలి అణు పరీక్ష చేసిన 1974 మే 18 సరిగ్గా ఆ వారంలోనే ఉంది! ఎక్కడో ఫ్యాక్టరీలో ఆ చిప్‌కు ముద్ర వేస్తున్న మనిషికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదనుకోండి. కానీ యాభై ఏళ్ల తర్వాత నాలుగంకెలు చూసి మనం వారంతో సహా చెప్పగలుగుతున్నాం.

ఆ రోజుల్లో చిప్‌ల పేర్లు 74తోనే మొదలవుతుండటం, 1974 కూడా అప్పుడే రావడంతో కొత్తగా ఈ విద్యలోకి దిగినవాళ్లు తికమకపడే మొదటి చోటు ఇదే. పుట్టినతేదీని పేరనుకుని పుస్తకాలన్నీ తిరగేసేవాళ్లకు లెక్కలేదు.

శాసనం చదివినట్టే...

1905లో అలన్ బటర్‌వర్త్, వి.వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను సేకరించి మూడు సంపుటాలుగా ప్రచురించారు. గుళ్ల గోడల మీద, పొలం గట్ల మీది రాళ్ల మీద, రాగిరేకుల మీద ఉన్న రాతల్ని చదివి రాసుకున్న పని అది. శాసనంలో ఏముంటుంది? రాజు పేరు, శక సంవత్సరం, ఎవరు ఎవరికి ఏం దానమిచ్చారన్న వివరం. చిప్ మీద కూడా దాదాపు అంతే. కంపెనీ ముద్ర, తేదీ, చేసే పని. శాసనానికి గాలీ వానా శత్రువులైతే, చిప్‌కు వేడి, దుమ్ము, 'శుభ్రం చేద్దాం' అనుకునే మనిషి చెయ్యి.

అందుకే తెలిసినవాళ్లు ముందు తుడవరు. థిన్నర్, అసిటోన్ లాంటివి తగిలితే సిరాతో వేసిన ముద్ర గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. గది చీకటి చేసి, టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి చూస్తారు. కనబడకపోతే అద్దం మీద ఊదినట్టు నోటి ఆవిరి ఊదుతారు. సిరా ఉన్నచోట, లేనిచోట తేమ వేర్వేరుగా పడుతుంది కాబట్టి ఒకటి రెండు సెకన్లు అక్షరాలు తేలతాయి. అదీ పని చేయకపోతే బడిపిల్లల సుద్దముక్క. దాన్ని మెల్లగా రుద్ది పైపొడి దులిపేస్తే, ముద్ర పడ్డ గీతల్లో తెల్లదనం మిగులుతుంది. ఖర్చు రూపాయి కూడా కాదు.

అక్షరాలు దొరికాక చదవడం అలవాటు మీద వస్తుంది. 'ఎస్ఎన్' కనబడితే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. 'ఎంసీ' అయితే మోటరోలా. 'సీడీ' ఆర్‌సీఏది, 'హెచ్‌డీ' జపాన్ హిటాచీది. ఇంటెల్ వాళ్ల పాత చిప్‌లకైతే ముందున్న అక్షరం తొడుగును చెబుతుంది. 'సి' ఉంటే పింగాణీ, 'పి' ఉంటే ప్లాస్టిక్. 74 బదులు 54 ఉంటే అది మిలటరీ రకం. మామూలు చిప్ సున్నా నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటే, అది మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా పని చేస్తుంది. అంకెల్లో కొలతలు కూడా దాగి ఉంటాయి. 2716లో చివరి 16 అంటే 16 కిలోబిట్లు, 2764లో 64 కిలోబిట్లు.

సోవియట్ చిప్‌లు ఇంకో కథ. వాటి మీద రష్యన్ లిపి ఉంటుంది. అమెరికావాళ్ల 7400కు సోవియట్ జోడు పేరు 'కె155ఎల్ఏ3'. పని ఒక్కటే, కాళ్ల లెక్కా ఒక్కటే. తేడా ఎక్కడంటే కాలికీ కాలికీ మధ్య దూరం. అమెరికా చిప్‌కు అంగుళంలో పదోవంతు, అంటే 2.54 మిల్లీమీటర్లు. సోవియట్ చిప్‌కు గుండ్రంగా 2.5 మిల్లీమీటర్లు. 14 కాళ్ల చిప్‌లో ఈ తేడా తెలియదు. 40 కాళ్లదానికొచ్చేసరికి సాకెట్‌లో దిగనని మొరాయిస్తుంది!

మారుపేర్ల మాయ

ఇంతవరకూ బాగానే ఉంది. చిప్ మీద పేరుంది, పుస్తకంలో ఆ పేరుంది. అసలు చిక్కు కంపెనీలు సొంత నంబర్లు వేయించుకున్నప్పుడు మొదలవుతుంది.

హ్యూలెట్ ప్యాకార్డ్ పరికరాల్లో '1820-0054' అనే చిప్ కనిపిస్తుంది. ఏ చిప్‌ల కంపెనీ పుస్తకంలో వెతికినా ఆ నంబర్ ఉండదు. చివరికి చూస్తే అది అందరికీ తెలిసిన మామూలు 7400! స్టోర్స్‌లో సౌకర్యం కోసం, ఒకే సరుకును నలుగురి దగ్గర కొనేందుకు వీలుగా పెద్ద కంపెనీలు ఇలా సొంత నంబర్లు పెట్టుకునేవి. పోటీ కంపెనీవాడు మూత విప్పి చూసినా వెంటనే అర్థం కాదన్నది దాంతోపాటు వచ్చే లాభం.

1982లో వచ్చిన కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌లో '906114-01' అని ఓ చిప్ ఉంటుంది. ఆ మెషిన్లలో ఎక్కువగా పాడయ్యేవాటిలో అదొకటి. అది పోతే తెర నల్లగా మారి కూర్చుంటుంది. ఆ నంబర్ వెనకున్న అసలు చిప్ సిగ్నెటిక్స్ కంపెనీ 82ఎస్100. కొన్న కంపెనీ తనకు కావాల్సిన విధంగా 'రాయించుకునే' రకం అది. దానికి 16 ఇన్‌పుట్లు, 8 అవుట్‌పుట్లు. అసలు పేరు తెలిసినంత మాత్రాన సరిపోదు, లోపల ఏం రాయించారో కూడా తెలియాలి. మరెలా? 16 ఇన్‌పుట్లకు కుదిరే అమరికలు 65,536. అన్నీ ఒక్కొక్కటిగా ఇచ్చి, ప్రతిదానికీ ఏ జవాబొస్తుందో రాసుకున్నారు అభిమానులు. మనిషి కూర్చుని రాస్తే నెలలు పడుతుంది కానీ, ఇంకో కంప్యూటర్‌కు అప్పజెబితే రెప్పపాటు పని. ఆ పట్టిక దొరికాక కొత్త చిప్‌లతో దానికి ప్రత్యామ్నాయాలు తయారయ్యాయి. మూలపడ్డ మెషిన్లు లేచాయి.

మన దేశంలో 1984లో బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 'క్లాస్' పథకం మొదలైంది. అందుకోసం ఎంచుకున్న మెషిన్ బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ కంపెనీ తయారుచేసిన బీబీసీ మైక్రో. ఇప్పుడు యాభైల్లో ఉన్న కొందరు మొట్టమొదట తాకిన కీబోర్డు అదే. దాని గుండెకాయలాంటి రెండు చిప్‌లను ఫెరాంటీ కంపెనీ ఏకార్న్ కోసమే ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చింది. మామూలు బజార్లో వాటికి జోడు ఉండేది కాదు. అవి పోయాయంటే చాలాకాలం ఇంకో పాత బీబీసీ మైక్రోను విప్పి తెచ్చుకోవాల్సి వచ్చేది. కాబట్టి తుక్కులోకి వెళ్లే ప్రతి బోర్డూ మిగిలినవాటి ఆయుష్షును ఇంత తగ్గిస్తుంది.

హైదరాబాద్‌లో పుట్టిన మెషిన్లు

కమోడోర్లూ, బీబీసీలూ లక్షల సంఖ్యలో తయారయ్యాయి. వాటి పత్రాలు, పటాలు ప్రపంచమంతా ఉన్నాయి. ఒకరి దగ్గర పోయినా ఇంకొకరి దగ్గర ఉంటాయి. మరి పదుల సంఖ్యలోనే తయారైన మన కంప్యూటర్ల సంగతి?

హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ అంటే తెలియనివాళ్లుండరు. ఆ ఏఎస్ రావు, అంటే అయ్యగారి సాంబశివరావు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టారు. 1956లో ట్రాంబేలో మన తొలి అణు రియాక్టర్ 'అప్సర' పని మొదలుపెట్టినప్పుడు దాని నియంత్రణకు కావాల్సిన ఎలక్ట్రానిక్స్‌ను తయారుచేసింది ఆయన ఆధ్వర్యంలోని బృందమే. 1967లో అణుశక్తి విభాగం కింద హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడితే దానికి సారథి అయ్యారు. ఒకనాడు ఇళ్లలో దర్జాగా వెలిగిన 'ఈసీ టీవీ' ఆ సంస్థదే. 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి వాడిన ఓటింగ్ మెషిన్ కూడా అక్కడ రూపుదిద్దుకున్నదే.

టీవీ, ఓటింగ్ మెషిన్ గుర్తున్నంతగా జనానికి గుర్తులేనిది టీడీసీ-12. పూర్తిపేరు ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 అంటే పన్నెండు బిట్లు. భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపకల్పన జరిగి, 1969లో ఈసీఐఎల్ పేరు మీద బయటికొచ్చింది. జ్ఞాపకశక్తి గరిష్ఠంగా 32 కె. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. ఆ తర్వాత 1974లో టీడీసీ-312, 1975లో పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 1978లో మైక్రోప్రాసెసర్‌తో నడిచే మైక్రో-78 వచ్చింది. భారత కంప్యూటర్ల చరిత్ర రాసిన ప్రొఫెసర్ వి.రాజారామన్ లెక్క ప్రకారం 1971 నుంచి 1978 దాకా ఈసీఐఎల్ అమ్మిన కంప్యూటర్లు 98. కొన్నవాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలే. టీడీసీ-316లు వైమానిక రక్షణ వ్యవస్థలో కూడా పనిచేశాయి.

తొంభై ఎనిమిది! ఓ పెద్ద కల్యాణమండపంలో వరసగా పేర్చేయొచ్చు.

ఇలాంటి యంత్రంలోంచి బయటపడ్డ బోర్డు ఒకటి చేతికొచ్చిందనుకుంటే, దాని మీది విదేశీ చిప్‌ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. కానీ అవి ఒకదానితో ఒకటి ఎందుకలా కలిశాయో చెప్పే పటం ఏ అమెరికా పుస్తకంలోనూ ఉండదు. ప్రోగ్రామ్ రాసి పెట్టిన చిప్ ఉంటే, దాని పేరు తెలిసినా లోపలి రాత తెలియదు. అది ఇక్కడివాళ్లు రాసింది. స్టిక్కర్ మీద పెన్నుతో రాసిన రెండక్షరాల అర్థం, రాసినవాడికీ పక్క టేబుల్ మీద కూర్చున్నవాడికీ తప్ప ఇంకెవరికీ తెలియకపోవచ్చు. 1969లో పాతికేళ్ల వయసులో ఆ పనిలో చేరినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు.

చిప్‌లనూ మనమే చేసుకుందామని మొహాలీలో ప్రభుత్వం పెట్టిన సెమికండక్టర్ కాంప్లెక్స్ 1984లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989 ఫిబ్రవరిలో ఘోర అగ్నిప్రమాదం జరిగి ఆ ఫ్యాక్టరీ బూడిదైంది. ఆ ముద్రతో అంతకుముందు వచ్చిన చిప్‌లు ఏ పాత బోర్డులోనైనా కనబడితే, అవి అయిదేళ్లపాటు మాత్రమే నడిచిన ఓ అధ్యాయం తాలూకు ఆనవాళ్లు. అదే సంస్థ ఇస్రోతో కలిసి చేసిన 'విక్రమ్ 3201' అనే 32 బిట్ల ప్రాసెసర్‌ను 2025 సెప్టెంబరులో ఢిల్లీ సదస్సులో ప్రధానికి అందజేశారు. దాని అన్న, పదహారు బిట్ల విక్రమ్ 1601, 2009 నుంచీ మన రాకెట్లలో ఎగురుతోంది. ఎగిరేది శ్రీహరికోట నుంచే. 2022లో జిల్లాలు మారి తిరుపతిలోకి వెళ్లిందిగానీ, అప్పటిదాకా శ్రీహరికోట నెల్లూరు జిల్లాదే కదా!

పేరే లేకపోతే?

పుస్తకం లేదు, పటం లేదు, చిప్ మీద అక్షరం లేదు. కొన్ని కంపెనీలైతే కావాలనే గరుకు కాగితంతో పేర్లు చెరిపేసేవి. అలాంటి చిప్‌ను పలికించేదెలా? అక్కడే మల్టీమీటర్ పని మొదలవుతుంది.

ముందు బోర్డును చూడాలి. చిప్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో వెడల్పాటి రాగి గీతలు చెబుతాయి. దాని పక్కనే కాపలా కాస్తున్నట్టు ఓ చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని రెండు కాళ్లూ ఒకటి అయిదు వోల్టులకు, ఇంకొకటి ఎర్త్‌కు వెళ్తాయి. 74 కుటుంబంలో ఎక్కువ చిప్‌లకు ఎడమవైపు వరసలో ఆఖరి కాలు ఎర్త్, కుడివైపు వరసలో పైకాలు అయిదు వోల్టులు. 14 కాళ్లదైతే 7, 14. 16 కాళ్లదైతే 8, 16. ఇదొక్కటే నమ్ముకుంటే మాత్రం కొంప మునుగుతుంది. 7490 అనే లెక్కపెట్టే చిప్‌కు 5, 10 కాళ్లు. 4164 అనే మెమరీ చిప్‌కైతే పూర్తిగా తలకిందులు. ఎనిమిదో కాలికి అయిదు వోల్టులు, పదహారో కాలికి ఎర్త్. పేరు తెలియని మెమరీ చిప్‌కు మూలల లెక్కన కరెంటిచ్చారంటే మరుక్షణం వేలు కాలుతుంది. చూడ్డానికి దానిలాగే ఉండే 4116కు అయితే ఒకటి కాదు, మూడు రకాల వోల్టేజీలు కావాలి. దాన్ని పీకి ఆ చోట 4164 పెడితే, పాపం, అయిదు వోల్టులు అందాల్సిన కాలికి పన్నెండు అందుతాయి.

కరెంటు దారి తేలాక, తక్కువ కరెంటు మాత్రమే వదిలే సప్లై పెట్టి, మిగతా కాళ్లు ఒక్కొక్కటి మీటర్‌తో తాకి చూస్తారు. ఇక్కడ భలే కిటుకు ఉంది. పాత 74 చిప్‌లలో దేనికీ తగిలించకుండా వదిలేసిన ఇన్‌పుట్ కాలు దగ్గర మీటర్ సుమారు 1.4 వోల్టులు చూపిస్తుంది. అవుట్‌పుట్ కాలైతే నికరంగా మాట్లాడుతుంది. 0.4 కన్నా తక్కువ, లేదంటే 2.4 కన్నా ఎక్కువ. అంటే ఏది చెవో, ఏది నోరో తేలిపోయినట్టే.

ఇక ప్రశ్నలడగడమే. రెండేసి ఇన్‌పుట్లున్న గేట్లు నాలుగు దొరికాయనుకోండి. రెండు ఇన్‌పుట్లూ ఎక్కువలో పెట్టినప్పుడే అవుట్‌పుట్ ఎక్కువైతే అది 7408. వీధి గేటు, ఇంటి తలుపు రెండూ తీస్తేనే చుట్టం లోపలికొచ్చినట్టు. ఏ ఒక్కటి ఎక్కువైనా సరిపోతే 7432. ముందు గుమ్మంలో ఒక మీట, పెరట్లో ఒక మీట, ఏది నొక్కినా అదే గంట మోగినట్టు. రెండింటిలో ఒకటే ఎక్కువున్నప్పుడు జవాబు ఎక్కువ వస్తే 7486. మేడ మెట్ల లైటుకు పైన ఒకటి, కింద ఒకటి స్విచ్‌లుంటాయి కదా, అదే లెక్క. ఇక 7408కు అన్నీ తలకిందుల జవాబులిచ్చేది 7400. ఈ నాలుగింటికీ కాళ్ల అమరిక ఒక్కటే కాబట్టి బయటి నుంచి చూస్తే కవలలే. నాలుగు ప్రశ్నలకు చెప్పే జవాబుల్లోనే తేడా. చిప్‌ను సాకెట్‌లో పెడితే వందల రకాల ప్రశ్నలు తనే అడిగి పేరు చెప్పే చిన్న యంత్రాలు కూడా ఇప్పుడు దొరుకుతాయి. చెన్నై రిచీ స్ట్రీట్, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీల్లో ఎలక్ట్రానిక్స్ సామాను కొనేవాళ్లకు అవి కొత్తేం కాదు.

కొన్ని చిప్‌లకు నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. లోపల నిగనిగలాడే సిలికాన్ ముక్క కనబడుతుంది. అది ప్రోగ్రామ్ రాసిపెట్టే చిప్. అతినీలలోహిత కాంతి పడితే లోపలి రాత చెరిగిపోతుంది. మళ్లీ రాసుకోవడానికే ఆ ఏర్పాటు. అందుకే కిటికీ మీద స్టిక్కర్ అంటిస్తారు. ఎవరూ చెరపకపోయినా ఆ రాత కలకాలం నిలవదు. అందులో రాతంటే సిలికాన్‌లో బంధించిన విద్యుదావేశం. దశాబ్దాలు గడిచేకొద్దీ మెల్లగా కారిపోతుంది. టీడీసీల తర్వాతి తరం మెషిన్లలో మన ఇంజినీర్లు రాసిన ప్రోగ్రాములు ఇలాంటి చిప్‌లలో ఉన్నాయంటే, వాటికి గడువు దగ్గర పడిందనే అర్థం. ఈ పనిలో ఉన్నవాళ్లు కిటికీ చిప్ కనబడగానే పేరు సంగతి తర్వాత, ముందు లోపలున్నది చదివి దాచేస్తారు.

ఏ దారీ లేనప్పుడు ఆఖరి మార్గం పొట్ట కోసి చూడటం. ఘాటైన ఆమ్లంతో తొడుగును కరిగించి సిలికాన్ ముక్కను మైక్రోస్కోప్ కింద పెడతారు. ప్రయోగశాలల్లో తప్ప ఇళ్లల్లో తలపెట్టకూడని పని ఇది. ఆ పొగలు ఊపిరితిత్తుల్ని కాల్చేస్తాయి. కొన్ని పింగాణీ తొడుగుల్లో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది. పగలగొడితే వచ్చే పొడి విషం. కానీ లోపల కనబడేది మాత్రం వింతగా ఉంటుంది. 1971 నాటి ఇంటెల్ 4004 మీద 'ఎఫ్ఎఫ్' అని రెండక్షరాలు చెక్కి ఉంటాయి. దాన్ని రూపొందించిన ఫెడెరికో ఫాగిన్ పేరులోని అక్షరాలవి! చిత్రకారుడు బొమ్మ మూలన సంతకం చేసినట్టు. 2010లో ముగ్గురు ఔత్సాహికులు 6502 అనే ప్రసిద్ధ చిప్ ఫొటోలు తీసి, అందులోని మూడున్నర వేల ట్రాన్సిస్టర్లు, వాటి తీగలు అన్నీ గుర్తించి, తెర మీద అది నడుస్తున్నట్టే చూపించారు. పత్రాలేవీ లేకుండానే. కమోడోర్, ఆపిల్‌ల తొలి మెషిన్లతోపాటు బీబీసీ మైక్రోను నడిపించింది ఆ చిప్పే.

తుక్కులో దొరికిన చంద్రయానం

పాత బోర్డుల కోసం ఇంత తంటాలెందుకని అనిపించొచ్చు. 1976లో అమెరికాలోని హ్యూస్టన్‌లో నాసా వదిలించుకున్న తుక్కును ఒకాయన కొన్నాడు. అందులో ఉన్నది, చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకెళ్లేందుకు తయారైన అపోలో కంప్యూటర్! నలభై ఏళ్లకు పైగా ఆయన దగ్గరే ఉంది. 2018లో కొందరు ఇంజినీర్లు, పాత చిప్‌ల గుట్టు విప్పడంలో పేరున్న కెన్ షెరిఫ్‌తో సహా, దాన్ని బాగుచేయడానికి పూనుకున్నారు. అందులో సుమారు 2,800 లాజిక్ చిప్‌లుంటే అన్నీ దాదాపు ఒకే రకం. నార్ గేట్లు. ఏది ఎక్కడికి వెళ్తుందో చెప్పే పటాలు భద్రంగా ఉండబట్టి, చెడిపోయిన చోట్లు ఒక్కొక్కటీ పట్టుకోగలిగారు. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టి యాభై ఏళ్లయిన 2019 నాటికి అది మళ్లీ లెక్కలు చేసింది.

అక్కడ యంత్రం తుక్కులోకి పోయినా కాగితాలు మిగిలాయి. మన దగ్గర పదవీ విరమణ చేసిన ఇంజినీర్ల ఇళ్లలో, పాలిటెక్నిక్ స్టోర్‌రూముల్లో ఉన్నవి ఆ కాగితాలే కావచ్చు. నాన్నగారి పాత ట్రంకుపెట్టెలో నీలిరంగు పటాల చుట్ట, చేత్తో రాసిన ల్యాబ్ నోటుబుక్కు, స్పైరల్ కట్టిన మాన్యువల్ కనబడితే కాగితాల బండికి వేయకముందు ఓసారి తిరగేయండి. 'టీడీసీ' అనో, 'మైక్రో-78' అనో ఉందేమో చూడండి. బోర్డు దొరికితే ఏదీ పీకకుండా రెండువైపులా పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. ఏ చిప్ ఎక్కడుందన్నది సగం జవాబు. విడి చిప్‌లుంటే ప్లాస్టిక్ కవర్లో వేయొద్దు. ఆ రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు వాటికి సరిపడదు. వంటింట్లో ఉండే అల్యూమినియం ఫాయిల్‌లో కాళ్లన్నీ తగిలేలా చుట్టి, ఎక్కడిదో చీటీ రాసి పెట్టండి. ఆ మెషిన్ మీద పని చేసినవాళ్లు ఇంట్లోనే ఉంటే, బోర్డు వాళ్ల చేతికిచ్చి అడగండి. కిటికీ చిప్ మీది స్టిక్కర్‌ను మాత్రం, అది ఎంత మాసిపోయినా, దాని మీది చేతిరాత ఎంత అర్థంకాకపోయినా పీకొద్దు.